ఫ్యాను వేయకూడని ఇల్లు

గుంటూరు బ్రాడీపేటలో సొంత ఇల్లు, యాభై ఏడేళ్ళ వయసు, బీపీ, ఒక భార్య, ఒక తల్లి, ఒక కొడుకు కలిగినవాణ్ణయిన నేను సర్వులకూ మనవి చేసుకునేది ఏమనగా: ఏడాదిన్నరగా నా ఇంట్లో నేను ఫ్యాను వేసుకోలేకపోతున్నాను.

కరెంటు లేక కాదు, ఫ్యాను చెడిపోయీ కాదు. ఫ్యాను నేనే కొన్నాను, బిల్లూ నేనే కడుతున్నాను. అది ముందుగదిలో తిరిగితే ఆ చప్పుడు మైకులో పడుతుందట. పడితే వినేవాళ్ళ చెవుల్లో తుమ్మెద దూరినట్టు ఉంటుందట. గుంటూరులో మే నెల మధ్యాహ్నం ఫ్యాను లేకుండా కూర్చోవడమంటే ఏమిటో మిర్చియార్డు హమాలీల్ని అడగండి. వాళ్ళు కూడా నన్ను చూసి జాలిపడతారు. మావాడు మాత్రం తలుపు బిగించుకుని, మొహానికెదురుగా గుండ్రటి లైటొకటి పెట్టుకుని, లోపల బనీను తడిసి ముద్దవుతున్నా పైన నల్లచొక్కా వేసుకుని, "హలో గయ్స్, అందరూ ఎలా ఉన్నారు?" అని కుశలం అడుగుతుంటాడు. కన్నతండ్రి తలుపవతల ఎలా ఉన్నాడో అడగడు. అందరూ అంటే ఎందరా అని మొదటిరోజు కిటికీలోంచి తొంగిచూశాను. తెర మూలన 2 అని అంకె ఉంది. ఆ ఇద్దరిలో ఒకడు వాడే, రెండో ఫోన్లోంచి. ఇంకొకరు వంటింట్లో మా ఆవిడ.

జిల్లా కోర్టులో ముప్పై రెండేళ్ళ సర్వీసు నాది. ఇప్పుడు శిరస్తదారుని. ఆక్రమణ కేసుల కట్టలు ఎన్ని విప్పానో, ఎన్ని కట్టానో లెక్కలేదు. ప్రహరీగోడ జానెడు జరిపినవాళ్ళు, చూరునీళ్ళు పక్కవాడి దొడ్లోకి వదిలినవాళ్ళు, ఉమ్మడి బావికి తాళం వేసినవాళ్ళు, అందరూ నాకు తెలుసు. ఒక గదిని దాని గాలితో సహా ఆక్రమించుకున్న ప్రతివాదిని మాత్రం ఇదే చూడటం. దావా వేద్దామంటే కోర్టు ఫీజు నా జేబులోంచే పోవాలి, ప్రతివాది వకీలు ఫీజూ నా జేబులోంచే పోవాలి. అందుకని ఈ విన్నపం.

మావాడు బీటెక్ పూర్తిచేసి రెండేళ్ళయింది. గ్రూప్-2కు చదువుతున్నాడని నేను నలుగురిలో చెప్పుకున్నాను. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని రోజూ పేపరు మూలమూలలా వెతుకుతుంటే, ఒక రాత్రి వాడి గదిలోంచి "నోటిఫికేషన్ వచ్చింది!" అని కేక వినపడింది. లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తాను. "ఎన్ని పోస్టుల్రా?" అన్నాను. "ఒక్కడే నాన్నా, ఇప్పుడే సబ్‌స్క్రైబ్ చేశాడు" అన్నాడు. వ్యవహారం నాకు తెలిసింది ఆ రాత్రే.

అప్పటికి వాడి దగ్గరున్నది ఫోను ఒక్కటే. ఫోన్లోంచి ప్రత్యక్ష ప్రసారం చేయాలంటే యూట్యూబువారు కనీసం 50 మంది చందాదారులుండాలంటారు. వీడికి పదకొండు మంది. ఆ వారంలోనే బాపట్లలో మా బావమరిది కూతురి పెళ్ళి వచ్చింది. వీడు ముందురోజే తయారై కూర్చుంటే, పోనీలే, బంధుత్వాల విలువ తెలిసిందని మురిసిపోయాను. పెళ్ళిలో వీడు పీటల దగ్గర లేడు, ఫొటోలవాడి దగ్గర లేడు. భోజనాల బంతిలో ఉన్నాడు. వడ్డించడానికి కాదు. ఆకుల వెంట వంగి నడుస్తూ, ఒక్కొక్కరి చెవిలో "మామయ్యా, ఒక్కసారి ఫోనివ్వవా", "పిన్నీ, ఒక్క నిమిషం" అని వసూలు చేసుకుంటూ పోతున్నాడు. మా పెద్ద తోడల్లుడు గారు రెండు చేతులతోనూ బూరెలో నెయ్యి దట్టించే పనిలో ఉండి, "జేబులోంచి నువ్వే తీసుకోరా" అన్నారు. తీశాడు. తాళం తీయడానికి వేలిముద్ర కావాలి. ఆయన బొటనవేలికి గోంగూర. ఆ ఫోను గోంగూరను గుర్తుపట్టదు. వీడు మంచినీళ్ళ గ్లాసులో తన జేబురుమాలు ముంచి, పెద్దాయన వేలు తుడిచి, ఫోనుకు అద్దించి, చందా కట్టించుకుని, మళ్ళీ ఆ వేలు ఆయన ఆకులో పెట్టేశాడు. వేలిముద్రలు వేయించుకునే దస్తావేజులు బోలెడు చూశాను గానీ, భోజనం మధ్యలో వేయించుకున్నది అదే. పెళ్ళి చేయించిన పురోహితుడుగారితో కలిపి ఆరోజు లెక్క 63.

చేరినవాళ్ళతో ఊరుకోలేదు. ప్రతివాళ్ళ ఫోన్లోనూ గంట బొమ్మ కూడా నొక్కిపెట్టాడు. గుళ్ళో గంట మనం కొడితే దేవుడికి వినపడుతుంది. ఈ గంట వీడు కొడితే పొన్నూరులో డెబ్బై రెండేళ్ళ మా మేనమామకు వినపడుతుంది, రాత్రి పదకొండూ నలభైకి. మా వయసువాళ్ళకు అర్ధరాత్రి ఫోను మోగితే వచ్చే ఆలోచన ఒక్కటే. ఆయన వెంటనే నాకు ఫోను చేసి, "ఎవర్రా? అక్కయ్యేనా?" అన్నారు వణుకుతూ. అక్కయ్య అంటే మా అమ్మ. ఆవిడ నా పక్కనే మంచం మీద వక్కపొడి నములుతోంది.

మొదటిసారి ప్రసారానికి దరఖాస్తు పెట్టుకుంటే 24 గంటలు ఆగమంటారట. ఇది విన్నప్పుడు ఆ సంస్థ మీద నాకు కొంత గౌరవం కలిగింది. వాయిదా పద్ధతి తెలిసినవాళ్ళన్నమాట. తీరా 24 గంటలు కాగానే ఠంచనుగా తెరుచుకుందని తెలిశాక ఆ గౌరవం పోయింది.

ఇక ఖర్చు. ఫోను వైరుతో ల్యాప్‌టాపుకు తగిలించి, అందులోంచి లోకానికి పంపడానికి ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేరు ఉంది. 2012లో పుట్టింది, పూర్తిగా ఉచితం. లోకమంతా దాన్నే వాడుతుందట. ఉచితం అనేమాట వినగానే నేను జాగ్రత్తపడాల్సింది. ఆ ఉచితం వెనక ఒక మైకు వచ్చింది, మైకును గాల్లో పట్టుకోవడానికి ఇనప చెయ్యి వచ్చింది, చెప్పానే ఆ గుండ్రటి లైటు వచ్చింది, ఏడురంగులు మెరిసే కీబోర్డు వచ్చింది, కరెంటు పోతే రౌటరు ఆగకుండా ఒక బ్యాటరీ పెట్టె వచ్చింది, పందెం కార్లలో ఉండేలాంటి ఎర్రకుర్చీ వచ్చింది. నేను పేపరు చదివేది నా పెళ్ళిలో మామగారిచ్చిన పేముకుర్చీలో. ఎర్రకుర్చీ మూడువైపులకు వాలుతుంది. దాంట్లో ఒకసారి కూర్చుని చూశాను. వెనక్కి వాలింది, నేను లేవలేకపోయాను, ఇద్దరు లేపారు. మొత్తం 41,300 రూపాయలు. రసీదులు నా దగ్గర తేదీలవారీగా ఉన్నాయి.

ఇంటర్నెట్ గురించి కూడా కాస్త చెప్పాలి, అది వినడానికి ఎవరూ లేరు కాబట్టి. "డౌన్‌లోడ్ స్పీడు కాదు నాన్నా, అప్‌లోడ్ స్పీడు కావాలి. మనం పంపేవాళ్ళం" అన్నాడు. మిర్చి ఎగుమతి చేసే ఊళ్ళో పుట్టినవాడు ఎగుమతి గురించి మాట్లాడితే సంతోషించాల్సిందే. లెక్క మాత్రం నేనే వేశాను. సెకనుకు 6,000 కిలోబిట్ల చొప్పున పంపితే గంటకు 2.7 జీబీ. మన ఫోన్లకు రోజంతటికీ వచ్చే రెండు జీబీ వీడికి ముప్పావుగంటకు సరిపోదు. అందుకని పెద్ద కనెక్షను. పెద్ద కనెక్షను వచ్చాక ప్రసారమప్పుడు ఇంట్లో ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. డల్లాస్‌లో ఉన్న చెల్లెలితో మా ఆవిడ మాట్లాడుకునే వేళ, వీడి యుద్ధం వేళ ఒకటే. ఏడాదిగా ఆ అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు సగమే చూసుకుంటున్నారు.

ఒకరోజు గదిలోంచి "అమ్మా, కీ లీకైపోయింది!" అని గావుకేక. మా ఆవిడ పరిగెత్తుకెళ్ళి గ్యాసు కట్టేసింది. ప్రసారానికి ఒక రహస్యపు అక్షరమాల ఉంటుందట, దాన్ని స్ట్రీమ్ కీ అంటారట. అది ఎవరికంట పడినా మన ఛానెల్లో వాళ్ళు ప్రసారం చేసేయొచ్చు. వీడు పొరపాటున దాన్ని తెరమీద చూపించాడు. తర్వాత కొత్తది తీసుకున్నాడనుకోండి. ఇంట్లో బీరువా తాళం ఎక్కడుందో మూడు తరాలుగా పరాయివాడికి తెలియనివ్వని వంశం మాది.

ఆట సంగతి. బీజీఎంఐ అంటారు. 100 మంది విమానంలోంచి గొడుగులు కట్టుకుని ఒక దీవిలో దూకుతారు. దొరికిన తుపాకులు ఏరుకుంటారు. చుట్టూ ఒక వలయం కుంచించుకుపోతూ వస్తుంటే, అందరూ ఒకచోటికి తోసుకొచ్చి, ఒకణ్ణొకడు కాల్చుకుని, చివరికి మిగిలినవాడు గెలిచినట్టు. ఉమ్మడి ఆస్తి పంపకాల దావాల్లో నేను చూసిందే. ఆ దీవిలో పోచింకి అని ఒక ఊరుంది. "పోచింకిలో దిగుదాం బ్రో, అక్కడ మంచి లూట్ ఉంటుంది" అని వీడు రోజూ అనడం విని, మా అమ్మ "పోచింకి అంటే పొన్నూరుకు అవతలా, ఇవతలా?" అని నన్నడిగింది. రాత్రిపూట "చచ్చిపోతున్నా బ్రో, రివైవ్ చెయ్యి, రివైవ్ చెయ్యి" అంటే పక్కింటి రిటైర్డు కాంపౌండరు గారు బీపీ మిషను పట్టుకుని మా గేటు తట్టారు. వచ్చారు కదా అని నాకు చూపించుకున్నాను, 160 ఉంది. గెలిచిన శనివారం రాత్రి వీడు "చికెన్ డిన్నర్!" అని ఎగిరితే, వెంకటేశ్వరస్వామికి శనివారాలు పట్టిన మా ఆవిడ నాతో వారంరోజులు మాట్లాడలేదు. నాతోనే ఎందుకో అడగకండి.

సర్కారువారు నా మొర ఆలకించలేదని అనను. 2020 సెప్టెంబరు 2న 118 యాప్‌లు నిషేధించినప్పుడు అందులో పబ్జీ కూడా ఉంది. ఆరోజు మా ఇంట్లో పరమాన్నం చేయించాను. 2021 జూలైలో అదే ఆట పేరు మార్చుకుని, బీజీఎంఐ అని చెప్పుకుని తిరిగొచ్చింది. మారుపేరుతో దావా వేస్తే మా దగ్గర గుమ్మంలోనే పట్టుకుంటాం. 2022 జూలైలో మళ్ళీ ఎత్తేశారు. మళ్ళీ పరమాన్నం. 2023 మేలో మళ్ళీ దిగింది. స్టే, స్టే వెకేటు, మళ్ళీ స్టే, మళ్ళీ వెకేటు. ఈసారి షరతులు పెట్టారు: 18 ఏళ్ళలోపువాళ్ళకు రోజుకు 3 గంటలు, పెద్దవాళ్ళకు 6 గంటలు మించకూడదని. ఆరు గంటలపాటు కదలకుండా పనిచేసేవాళ్ళను ఏ ఆఫీసులోనైనా చూపించండి, నేను ఈ ఫిర్యాదు ఉపసంహరించుకుంటాను.

ఇప్పుడు ఆకుపచ్చ గుడ్డ విషయం. ఇది ముఖ్యమైన సాక్ష్యం కనుక నిదానంగా చెబుతాను.

ఆట ఆడేవాడి మొహం కూడా తెర మూలన కనపడాలట, లేకపోతే చూసేవాళ్ళకు నమ్మకం కుదరదట. మొహం వెనక మా ముందుగది గోడ కనపడుతుంది. గోడమీద దేవుళ్ళ పటాలు, మా నాన్నగారి ఫొటో, పాల డైరీవాళ్ళ క్యాలెండరు. అవి యుద్ధానికి పనికిరావట. పట్నంబజారుకు వెళ్ళి అయిదు మీటర్ల ఆకుపచ్చ గుడ్డ తెచ్చి గోడకు కట్టాడు. కంప్యూటరు ఆ పచ్చరంగు ఎక్కడ కనపడితే అక్కడ దాన్ని మాయంచేసి, వేరే బొమ్మ పెడుతుంది. వీడు మంటల్లో తగలబడుతున్న పట్టణం బొమ్మ పెట్టాడు. మా నాన్నగారి ఫొటో ఆ మంటల వెనక ఎక్కడో ఉంది.

దేవుడి గూడు ముందుగదిలోనే ఉంది, దాన్ని మార్చడం వాడివల్ల కాలేదు, నావల్లా కాదు. శుక్రవారం సాయంత్రం, వాడి యుద్ధం మంచి రసకందాయంలో ఉన్నప్పుడు, మా అమ్మ హారతి ఇవ్వడానికి లోపలికి వెళ్ళింది. ఆవిడ ఆరోజు కట్టుకున్నది మొన్న పండక్కి నేనే తెచ్చిన మంగళగిరి నేతచీర. చిలకపచ్చ. జాకెట్టూ అదే రంగు.

తెరమీద మండుతున్న పట్టణం మధ్యలోంచి ఒక తల వచ్చింది. తెల్లటి ముడి, ఎర్రటి బొట్టు, ముక్కుపుడక. దానికింద ఏమీ లేదు. కొంచెం దూరంగా రెండు ముంజేతులు, వాటిలో వెలుగుతున్న కర్పూరపు పళ్ళెం. తల, చేతులు, పళ్ళెం నెమ్మదిగా ఎడమనుంచి కుడికి తేలుకుంటూ వెళ్ళి, ఆగి, మంటలకు మూడుసార్లు హారతిచ్చి, మళ్ళీ కుడినుంచి ఎడమకు తేలుకుంటూ వచ్చి, మావాడి చెవి పక్కన ఆగి, "కళ్ళకద్దుకోరా" అన్నాయి. వీడు తుపాకీ వదిలేసి కళ్ళకద్దుకున్నాడు. ఆ లోపల వాణ్ణి ఎవడో కాల్చేశాడు.

అప్పటికి చూస్తున్నవాళ్ళు తొమ్మిదిమంది. పది నిమిషాల్లో వందమంది అయ్యారు. "ఎవరు బ్రో ఈ అమ్మవారు", "నాయనమ్మ స్కిన్ ఎంత బ్రో, ఏ స్టోర్లో ఉంది" అని రాశారు. ఆటలో వేసుకునే వేషాన్ని స్కిన్ అంటారని నాకు తర్వాత తెలిసింది, కోపం ముందే వచ్చింది. ఆ నలభై సెకన్ల ముక్కను కత్తిరించి షార్టుగా పెడితే, మూడురోజుల్లో ఆరులక్షలమంది చూశారు. ముప్పై రెండేళ్ళు సర్వీసు చేసిన నన్ను మా వీధిలో ఇప్పుడు తేలే మామ్మగారబ్బాయి అంటున్నారు. మా అమ్మకు కోపం వస్తుందనుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని, రెండుసార్లు వేయించుకుని చూసి, "మోకాళ్ళు లేకుండా ఎంత హాయిగా నడుస్తున్నానురా" అంది. ఇప్పుడు శుక్రవారమైతే ఆ చీర ఆరిందా లేదా అని పొద్దుటినుంచే అడుగుతుంది.

ఇంతవరకూ ఇతరుల సంగతి. నాకు జరిగింది వేరు.

ఆ నెల కరెంటు బిల్లు రెట్టింపు వచ్చింది. రాత్రి పదిన్నరకు నేరుగా తలుపు తోసుకెళ్ళి, నిలబడి, చెప్పాల్సిందంతా చెప్పాను. బిల్లు ఎంతో చెప్పాను. మా ఆవిడ గాజులు ఏ బ్యాంకులో ఎంతకు తాకట్టులో ఉన్నాయో చెప్పాను. వీడి ఇంటర్ మార్కులు చెప్పాను. సబ్జెక్టులవారీగా. వీడు ఒక్కమాట అనలేదు, కళ్ళతో మైకు వైపు సైగ చేస్తున్నాడు. నేనది పశ్చాత్తాపం అనుకున్నాను. వెనకగదిలోకి వచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి, వాడు ఇప్పుడైనా కట్టేశాడా లేదా అని నా ఫోను తెరిచాను. వాడు ఇంకా ఆడుతున్నాడు. గదిలో నేను లేను. చప్పుడు లేదు. అంతలో వెనక తలుపు తెరుచుకుంది, లుంగీ మోకాళ్ళ పైకి కట్టి, తల రేగిపోయి, బొజ్జ ముందూ మనిషి వెనకా ఒకాయన లోపలికి వచ్చాడు.

కనెక్షను కుదురుగా ఉండాలని వీడు ఆలస్యం ఎక్కువ పెట్టుకున్నాడట. నీళ్ళు తాగొచ్చేంత ఆలస్యం. నేను అక్కడ అన్నది ఇక్కడ అప్పుడే మొదలవుతోంది. బిల్లు దాకా ఫర్వాలేదనిపించింది. తర్వాత వచ్చేవి గాజులు. గాజుల సంగతి రాకముందే ఆపాలని నేను ఒక్క గెంతులో లేచి ముందుగది వైపు పరిగెత్తాను. తలుపు తోశాక తెలిసింది, అది ఎప్పుడో అనేశానని. ఇప్పుడు చేసిందల్లా రెండోసారి ప్రవేశం. కోర్టులో సాక్షి నోరుజారితే రికార్డులోంచి కొట్టేయమని అడిగే వీలుంది. ఇక్కడ దానికి క్లర్కు లేడు. గుమ్మంలో నిలబడి, ఏమనాలో తెలియక, "అన్నం తిన్నావా?" అన్నాను. అది కూడా కాసేపటికి లోకమంతా విన్నది.

కింద రాసినవాళ్ళ మాటలు ఒక కాగితం మీద ఎత్తిరాసుకున్నాను, సాక్ష్యానికి పనికొస్తాయని. "అంకుల్ ఏ మైకు వాడుతున్నారు బ్రో, చాలా క్లియర్‌గా ఉంది." "అంకుల్ రష్ గేమ్‌ప్లే సూపర్." "అంకుల్, మీ సెన్సిటివిటీ కోడ్ పెట్టండి." ఒకడు మాత్రం గాజులకు వడ్డీ ఎక్కువ పడుతోందని, వేరేచోట తక్కువని రాశాడు. ఆ ఒక్కడి సలహా పనికొచ్చింది, మార్చుకున్నాం. అది వేరే సంగతి.

అప్పటినుంచి ఇంట్లో నిబంధనలు వెలిశాయి. ప్రసారం వేళ కుక్కరు పెట్టకూడదు. ఎందుకంటే చూసేవాళ్ళు విజిల్స్ లెక్కపెడుతున్నారు, "మూడోది వచ్చింది బ్రో, పప్పు దించమను ఆంటీని" అని. టీవీ వేయకూడదు. చివరికి దేవుడి పాట కూడా పెట్టకూడదు. ఒక తెల్లవారుజామున మా అమ్మ సుప్రభాతం పెట్టుకుంటే, వెంటనే వీడి ప్రసారానికి కాపీరైటు అభ్యంతరం వచ్చింది. స్తోత్రం ఎవరి సొత్తూ కాదు, దాని రికార్డింగు మాత్రం కంపెనీ సొత్తు. చట్టం తెలిసినవాణ్ణి గనక నాకర్థమైంది. మా అమ్మకు కాలేదు. "నిద్రలేవమని దేవుణ్ణి నేను పిలిస్తే మధ్యలో కంపెనీ ఎవర్రా?" అంది. దానికి వీడి దగ్గరా నా దగ్గరా జవాబు లేదు.

2025 ఆగస్టులో నాకు చివరి ఆశ పుట్టింది. ఆన్‌లైన్ ఆటల మీద పార్లమెంటు చట్టం చేసిందని, రాష్ట్రపతి సంతకం కూడా అయిపోయిందని కోర్టు వరండాలో విన్నాను. వచ్చేదారిలో సగ్గుబియ్యం కొన్నాను. వీడు తొణకలేదు. చట్టం ప్రతిని తెరమీద తెరిచి నాకే చదివి వినిపించాడు. నిషేధం డబ్బు పెట్టి ఆడే ఆటలకు. ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించి ప్రోత్సహించాలని అదే చట్టంలో ఉంది. శిరస్తదారుకు సెక్షను చదివి వినిపించే రోజొచ్చింది! ఆ పైన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వీడియో ఆటలకు పతకాలిచ్చారని, 2024 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి స్వయంగా కొందరు గేమర్లను పిలిచి కూర్చోబెట్టుకున్నారని ఒక్కో కాగితమే దాఖలు చేశాడు. పోనీ వయసు తక్కువని కొట్టేయిద్దామంటే, ఒంటరిగా ప్రసారం చేయడానికి యూట్యూబువారు 2025 జూలైలో పెట్టిన హద్దు 16 ఏళ్ళు. వీడికి 23. సగ్గుబియ్యం ఎలాగూ కొన్నాను కదా అని పాయసం వండించి వాడికే పెట్టాం.

"దీంట్లో ఏం మిగులుతుందిరా?" అని ఒకసారి సావధానంగా అడిగాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో జస్టిన్ కాన్ అనే కుర్రాడు 2007లో టోపీకి కెమెరా తగిలించుకుని, లేచింది మొదలు పడుకునేదాకా తన బతుకంతా ప్రసారం చేశాడట. అతను అలా ప్రసారం చేసిన సైటులోని ఆటల విభాగం 2011లో విడిగా ట్విచ్ అయింది. 2014లో అమెజాన్ దాన్ని 97 కోట్ల డాలర్లకు కొన్నది. "టోపీతో మొదలుపెట్టాడు నాన్నా" అన్నాడు. టోపీ సంగతి నాకు తెలుసు, 41,300కు రసీదులున్నాయి. నేనూ ఊరికే ఉండలేదు. మైక్రోసాఫ్ట్ అంతటివాళ్ళు ఇదే వ్యాపారానికి మిక్సర్ అని పెట్టి, 2020 జూలైలో మూసేశారని చూపించాను. మా ఆవిడ మిక్సరు పదకొండేళ్ళుగా నడుస్తోంది. వీడు నవ్వలేదు.

వీడికి ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటలు జనం చూసినట్టు లెక్క కావాలి. వెయ్యిమందిని మా అమ్మ ఒక్క హారతితో తెచ్చిపెట్టింది. గంటలు మాత్రం ఆవిడ వల్ల రాలేదు. షార్టులు ఎన్ని లక్షలమంది చూసినా ఆ నాలుగువేల గంటల ఖాతాలో పడవట. అవి నిజంగా కూర్చుని చూసినవాళ్ళవల్లే రావాలి. నేను సాక్ష్యం సేకరించడానికి రోజూ రాత్రి చూస్తున్నాను. మూడు గంటలు, నాలుగు గంటలు. ఒకరోజు డైరీలో కూడితే నా ఒక్కడి వాటా 212 గంటలు తేలింది. ఆ కాగితాన్ని ఫైల్లోంచి తీసేశాను.

చూసేవాళ్ళు డబ్బుతో కలిపి పంపే మాటను సూపర్‌చాట్ అంటారట. మొదటిది 40 రూపాయలు. ఎవరో, "నాయనమ్మ హారతి పళ్ళెంలో వేయండి" అని రాసి పంపారు. అందులో యూట్యూబువారు నూటికి ముప్పై పట్టుకుంటారు. మిగిలింది 28. మా అమ్మ ఆ 28 రూపాయలకు వీడి వెంటపడింది, పళ్ళెంలో వేయమన్న డబ్బు పళ్ళెంలో వేయాలని. డబ్బు చేతికి రావాలంటే 100 డాలర్లు నిండాలని, అంతకుముందు 10 డాలర్లు దాటినప్పుడు చిరునామా రుజువుకు గూగులువారు పోస్టులో ఒక ఉత్తరం పంపుతారని, అందులో ఒక అంకె ఉంటుందని, అది నాలుగు నెలల్లో కొట్టాలని వీడు ఆవిడకు చెబుతుంటే విన్నాను. లోకమంతా గాలిలో నడిపేవాళ్ళు చివరికి తపాలా శాఖకే వచ్చారు. గడువు, నోటీసు, చిరునామా రుజువు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు మొదటిసారి మర్యాద కనపడింది.

వీడు మూడువారాలు గేటు దగ్గర కాపలా కాశాడు. ఆ ఉత్తరం మాత్రం రెండో శనివారం, వీడు పడుకుని ఉండగా, నా చేతికొచ్చింది. సాదా తెల్లకవరు. మీద వీడి పేరు, పక్కన మా ఇంటి నంబరు, బ్రాడీపేట, పిన్‌కోడుతో సహా అన్నీ సరిగా. పరాయివాళ్ళ ఉత్తరం విప్పకూడదు, నేను విప్పలేదు. వెలుతురుకు పట్టి చూశానంతే. ఏమీ కనపడలేదు. దాన్ని తీసుకెళ్ళి నా ఫైల్లో, రసీదుల కింద పెట్టాను.

సాయంత్రం వాడు లేచాక పిలిచి, "నీకొక నోటిఫికేషన్ వచ్చింది" అన్నాను.

వాడికి వెంటనే అర్థమైంది. చెయ్యి చాచాడు.

"ఫ్యాను" అన్నాను.

"నాన్నా, మైకులో..."

"ఫ్యాను."

"ఒకటిలో పెట్టుకో."

"మూడు."

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, ఇద్దరినీ చూసి, రెగ్యులేటరు రెండు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఉత్తరం ఇచ్చేశాను.

రాత్రి పేముకుర్చీ తెచ్చి ముందుగదిలో, ఫ్యాను కింద, కెమెరాకు కనపడనంత పక్కగా వేసుకున్నాను. ఏడాదిన్నర తర్వాత నెత్తిమీద గాలి. వాడు ఎర్రకుర్చీలో ముందుకు వంగి, "హలో గయ్స్, ఇవాళ వెనక ఫ్యాను చప్పుడు వస్తుంది, కొంచెం అడ్జస్ట్ చేసుకోండి" అన్నాడు. నేను చెవిలో వైరు పెట్టుకుని ఫోను తెరిచాను. కాసేపటికి వాడి మాట వచ్చింది, దాని వెనకే ఫ్యాను కూడా వచ్చింది. కిర్ర్, కిర్ర్, టక్. తలెత్తి చూశాను. బేరింగు పూర్తిగా అరిగిపోయింది. రేపు ఎలక్ట్రీషియనుకు ఫోను చేయాలి.